పట్టాభి కమిటీ, అండమాన్ ఓటు

చీఫ్ కమిషనర్ల ఏలుబడిలో ఉన్న చిన్న ప్రాంతాలకు స్వతంత్ర భారతంలో ఎలాంటి పాలన, ఎలాంటి చట్టసభ ఉండాలో సూచించడానికి రాజ్యాంగ సభ 1947లో ఒక సంఘాన్ని వేసింది. అదే పట్టాభి సీతారామయ్య కమిటీ. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం చీఫ్ కమిషనర్ ప్రావిన్సులుగా ఉండి దేశ విభజన తర్వాత భారత్‌లో మిగిలిన ఢిల్లీ, అజ్మీర్-మేర్వాడా, కూర్గ్, పంథ్ పిప్లోడా, అండమాన్ నికోబార్ దీవులు దాని పరిశీలనకు వచ్చాయి. సంఘానికి అధ్యక్షత వహించినవాడు తెలుగువాడు: మచిలీపట్నంలో వైద్యం చేసి, 1923లో అక్కడే ఆంధ్రా బ్యాంకును నెలకొల్పి, కాంగ్రెస్ చరిత్ర రాసిన భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ శివార్లలో ఉంది ఆస్టినాబాద్. అక్కడి ఓటరు నేటికీ లోక్‌సభకు ఓటు వేయగలడు గానీ శాసనసభకు వేయలేడు. ఆ తేడా మూలాలు వెతికితే పట్టాభి కమిటీ దగ్గరికి చేరతాం. ఎన్నికల నిబంధనలపై మన చట్టసభల్లో జరిగిన చర్చల్లో ఈ కమిటీ పనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు. తెలుగులో దీని ఊసు మరీ తక్కువ.

కమిటీ ఏర్పాటు

రాజ్యాంగ సభకు సభ్యుల్ని పంపే ఏర్పాటులోనే అసలు సమస్య ఉంది. ప్రావిన్సుల శాసనసభలు తమ ప్రతినిధుల్ని ఎన్నుకున్నాయి. చీఫ్ కమిషనర్ ప్రాంతాల్లో ఢిల్లీ, అజ్మీర్-మేర్వాడా, కూర్గ్‌లకు తలా ఒక స్థానం దక్కింది. అండమాన్‌కు ఒక్కటీ లేదు. 1942 మార్చి నుంచి 1945 దాకా దీవులు జపాన్ సైన్యం చేతిలో నలిగిపోయాయి. యుద్ధం ముగిశాక శిక్షాస్థావరాన్ని రద్దు చేశారు. అప్పటికి అక్కడ మిగిలినవారు ద్వీపాంతరవాస ఖైదీల సంతతి, నికోబారీలు, అడవి తెగలు, కొద్దిపాటి ఉద్యోగులు, కూలీలు. 1951 జనాభా లెక్కల నాటికీ దీవులన్నిట్లో కలిపి 30,971 మందే ఉన్నారు. వీళ్ల తరఫున ఢిల్లీలో మాట్లాడేవారు లేరు.

1947 జూలై చివరిలో సభ ఒక తీర్మానం ఆమోదించింది. మారిన పరిస్థితులకు తగ్గట్టు చీఫ్ కమిషనర్ ప్రావిన్సుల పాలనలో తేవాల్సిన మార్పుల్ని సూచించడానికి ఏడుగురికి మించకుండా ఒక సంఘం వేయాలన్నది దాని సారం. పట్టాభితో పాటు ఎన్. గోపాలస్వామి అయ్యంగార్, కె. సంతానం, హుస్సేన్ ఇమామ్ అందులో ఉన్నారు. మిగతా ముగ్గురూ సంబంధిత ప్రాంతాలవారే: ఢిల్లీ నుంచి దేశబంధు గుప్తా, అజ్మీర్ నుంచి ముకుట్ బిహారీలాల్ భార్గవ, కూర్గ్ నుంచి సి.ఎం. పూణచ్చ. తమ ఊళ్ల సంగతి తాము చెప్పుకోవడానికి వాళ్లకు చోటు దొరికింది. దీవులవారికి ఇక్కడా దొరకలేదు. నివేదిక చదివేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాది దానంతటదే బోధపడుతుంది.

అధ్యక్షుడిగా పట్టాభి ఎంపిక సహజమైనదే. సంస్థానాల ప్రజల హక్కుల కోసం పోరాడిన అఖిల భారత సంస్థాన ప్రజా మహాసభ నాయకుల్లో ఆయన ముందువరసలో ఉన్నారు. రాజు ఏలే చోటైనా, కమిషనర్ ఏలే చోటైనా ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం ఉండాలన్నది ఆయన వాదన. అండమాన్‌తో ఆయన పేరు ముడిపడటంలో మరో విశేషమూ ఉంది. 1939లో త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో గాంధీజీ అండ ఉన్నా సుభాష్ చంద్రబోస్ చేతిలో ఆయన ఓడిపోయారు. బోస్‌కు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. అదే బోస్ 1943 డిసెంబరు 30న పోర్ట్‌బ్లెయిర్‌లో జాతీయ పతాకం ఎగరేశారు. ఆ దీవుల రాజ్యాంగ భవిష్యత్తు నాలుగేళ్లకు పట్టాభి బల్ల మీదికి వచ్చింది.

కమిటీ ఏం చెప్పింది

1947 అక్టోబరులో నివేదిక సిద్ధమైంది. ఢిల్లీ, అజ్మీర్-మేర్వాడా, కూర్గ్ మూడింటికీ ఎన్నికైన శాసనసభ, దానికి జవాబు చెప్పే మంత్రివర్గం, పైన లెఫ్టినెంట్ గవర్నర్ ఉండాలన్నది ప్రధాన సిఫార్సు. కేంద్రానికి పర్యవేక్షణాధికారం ఉంటుంది. పంథ్ పిప్లోడాను అజ్మీర్‌లో కలిపేయాలి. అండమాన్ నికోబార్ దీవులు మాత్రం అవసరమైన చిన్న సర్దుబాట్లతో అప్పటిలాగే భారత ప్రభుత్వ పాలనలో కొనసాగాలి.

ముసాయిదా సంఘం ఈ సిఫార్సులన్నిటినీ యథాతథంగా తీసుకోలేదు. అయినా బాధ్యతాయుత ప్రభుత్వం అన్న ఆలోచన చివరిదాకా బతికింది. 1951లో వచ్చిన పార్ట్-సి రాష్ట్రాల ప్రభుత్వ చట్టంతో ఢిల్లీ, అజ్మీర్, కూర్గ్‌తో పాటు మరికొన్ని చిన్న రాష్ట్రాలకూ శాసనసభలు వచ్చాయి. 1952లో కూర్గ్ శాసనసభకు 24 మంది ఎన్నికయ్యారు, కమిటీ సభ్యుడైన పూణచ్చ అక్కడ ముఖ్యమంత్రి అయ్యారు. 1951 లెక్కల్లో కూర్గ్ జనాభా సుమారు 2.29 లక్షలు. 2011లో అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. జనం తక్కువ కాబట్టి శాసనసభ వద్దు అన్న వాదన 1947లో నిలబడి ఉండవచ్చు, ఇప్పుడు మాత్రం నిలబడదు. దీవుల విషయంలో కమిటీ అప్పటి పరిస్థితినే ఎప్పటికీ ఉండే పరిస్థితిగా తీసుకుంది. అప్పటి జనసంఖ్యను బట్టి అది అర్థం చేసుకోదగ్గదే అయినా ఇది కమిటీ పనిలో లోటే. జనం పెరిగితే మళ్లీ చూడాలన్న గడువో షరతో పెట్టి ఉంటే తర్వాతి పార్లమెంట్లకు ఒక దారి ఉండేది.

రాజ్యాంగంలో దీవులకు దక్కిన చోటు

1950 రాజ్యాంగం రాష్ట్రాల్ని, ప్రాంతాల్ని నాలుగు భాగాలుగా పేర్చింది. నాలుగోదైన పార్ట్-డి లో ఉన్నది ఒక్కటే, అండమాన్ నికోబార్ దీవులు. అప్పటి తొమ్మిదో భాగంలోని 243వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి చీఫ్ కమిషనర్ ద్వారా దీవుల్ని పాలిస్తారు. రాష్ట్రపతి జారీచేసే రెగ్యులేషన్‌కు పార్లమెంటు చట్టానికున్నంత బలం ఉంటుంది. 1956లో ఏడో సవరణతో ఈ భాగాలన్నీ పోయి దీవులు కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి, 243వ అధికరణమూ రద్దయింది. రెగ్యులేషన్ జారీచేసే అధికారం 240వ అధికరణంలోకి మారి నేటికీ కొనసాగుతోంది.

ఖాళీ అయిన తొమ్మిదో భాగంలోకి, 243 అనే అంకెలోకి 1992లో 73వ సవరణ పంచాయతీల్ని తెచ్చింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు. కమిషనర్ పాలన రాసి ఉన్న చోటే గ్రామసభ హక్కు రాయడం యాదృచ్ఛికమే కావచ్చు. ఫలితం మాత్రం దీవులవారికి నిజంగా అందింది. 1994లో రాష్ట్రపతి జారీచేసిన పంచాయతీ రెగ్యులేషన్‌తో గ్రామ పంచాయతీ నుంచి జిల్లా పరిషత్తు దాకా ఎన్నికలు వచ్చాయి.

మూడు సార్వత్రిక ఎన్నికలు, ఓటు లేని జనం

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అండమాన్‌కు లోక్‌సభలో ఒక స్థానం ఇచ్చింది. దాన్ని రాష్ట్రపతి నామినేషన్‌తో నింపాలని నాలుగో సెక్షన్‌లో రాశారు. మొదటి లోక్‌సభలో 489 మంది ఎన్నికైనవారు, పదిమంది నామినేట్ అయినవారు. ఆ పదిమందిలో ఆరుగురు జమ్మూ కాశ్మీర్‌కు, ఇద్దరు ఆంగ్లో ఇండియన్లకు, ఒకరు అస్సాం పార్ట్-బి గిరిజన ప్రాంతాలకు, ఒకరు అండమాన్‌కు ప్రతినిధులు.

ఆ ఒక్కరు కార్ నికోబార్‌కు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. జపాన్ ఆక్రమణ కాలంలో చెరలో మగ్గిన నికోబారీ ఆయన. మూలవాసుల నుంచి ఒకరిని తొలి ప్రతినిధిగా ఎంచడం నామినేషన్ పద్ధతిలో జరిగిన మంచి పని. 1957లో లచ్మన్ సింగ్, 1962లో నిరంజన్ లాల్ అలాగే వచ్చారు. ఈ ముగ్గురి యోగ్యత గురించి ఇక్కడ ప్రశ్న లేదు. దేశమంతా బ్యాలెట్ పెట్టెల ముందు నిలబడ్డ 1952, 1957, 1962 ఎన్నికల్లో దీవులవారు ఇళ్ల దగ్గరే ఉండిపోయారన్నదే ప్రశ్న. ప్రతి వయోజనుడికీ ఓటు అని 326వ అధికరణం చెప్పిన పదిహేనేళ్లకు కూడా అండమాన్‌లో ఆ హక్కు కాగితం మీదే ఉంది.

1965 డిసెంబరులో పార్లమెంటు కేంద్రపాలిత ప్రాంతాల నుంచి లోక్‌సభకు ప్రత్యక్ష ఎన్నిక చట్టాన్ని ఆమోదించింది. అండమాన్ నికోబార్, లక్కదీవులు (నేటి లక్షద్వీప్), దాద్రా నగర్ హవేలీల్లో నామినేషన్ పోయి ఓటు వచ్చింది. 1967లో దీవుల జనం తొలిసారి సార్వత్రిక ఎన్నికల్లో ఓటేసి కాంగ్రెస్ అభ్యర్థి కె.ఆర్. గణేశ్‌ను పంపారు. 1971లో మళ్లీ గెలిచిన ఆయన ఇందిరా గాంధీ ప్రభుత్వంలో ఆర్థికశాఖ సహాయమంత్రిగా స్మగ్లర్లపై చర్యలతో పేరు తెచ్చుకున్నారు. 1977లో మనోరంజన్ భక్త వచ్చారు. ఉత్తరాదిన కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయిన ఆ ఏడాదే ఆ పార్టీ తరఫున గెలిచి, మధ్యలో 1999లో ఒకసారి మినహా 2004 దాకా ఎనిమిదిసార్లు దీవులకు ప్రాతినిధ్యం వహించారు. 1999, 2009, 2014లో బీజేపీ అభ్యర్థి బిష్ణుపద రే, 2019లో కాంగ్రెస్ అభ్యర్థి కుల్దీప్ రాయ్ శర్మ, 2024లో మళ్లీ బిష్ణుపద రే గెలిచారు. 2019లో తేడా 1,407 ఓట్లే. 2024లో 24,396.

ఓటర్ల జాబితాపై చర్చ: వలస వచ్చినవారి ప్రశ్న

అండమాన్ తెలుగువారికి బాగా దగ్గరైన చర్చ 1949 జూన్ 15న రాజ్యాంగ సభలో మొదలైంది. ప్రావిన్సుకొక ఎన్నికల సంఘం అన్న పాత ముసాయిదాను మార్చి దేశమంతటికీ ఒకే సంఘం ఉండాలని అంబేద్కర్ ప్రతిపాదించారు. ఆయన చెప్పిన కారణాన్ని ఈనాటి పాఠకుడు శ్రద్ధగా గమనించాలి. కొన్ని ప్రావిన్సుల్లో స్థానికుల కంటే జాతిలోనో భాషలోనో సంస్కృతిలోనో వేరైనవారిని ఓటర్ల జాబితాలోకి రానివ్వకుండా ప్రభుత్వాలే చూస్తున్నాయన్న ఫిర్యాదులు తన దృష్టికి వచ్చాయని, ఓటు హక్కు అన్నిటికంటే ప్రాథమికమైనదని, దాన్ని స్థానిక అధికారి ఇష్టానికి వదలకూడదని ఆయన వాదించారు. ఆ వాదన నుంచే నేటి 324వ అధికరణం వచ్చింది.

అండమాన్‌లో దాదాపు అందరూ ఎక్కడినుంచో వచ్చినవారే. 2011 లెక్కల్లో బెంగాలీ మాతృభాషగా ఉన్నవారు 28 శాతానికి పైగా, హిందీ 19, తమిళం 15, తెలుగు 13 శాతానికి పైగా. అంటే తెలుగువారు దాదాపు 50 వేలు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వెళ్లినవారి కుటుంబాలే వీళ్లలో ఎక్కువ. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ నుంచి వేటకు వెళ్లే మత్స్యకారులు వీళ్లలో ఉన్నారు, తాపీపనికి, రోడ్డుపనికి వెళ్లి స్థిరపడినవారూ ఉన్నారు. తెలుగు మాధ్యమ బడులు నడవడం ఈ స్థిరత్వానికి గుర్తు.

వీళ్లకు ముఖ్యమైన నిబంధన 1950 చట్టంలోని 19, 20 సెక్షన్లు. ఓటరుగా నమోదు కావాలంటే ఆ నియోజకవర్గంలో 'సాధారణ నివాసి' అయి ఉండాలి. మొదట్లో 180 రోజుల నివాసం అడిగేవారు, తర్వాత ఆ రోజుల లెక్క తీసేశారు. 20వ సెక్షన్ రెండు సంగతులు తేల్చి చెబుతుంది. ఒక ఊళ్లో సొంత ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి కాడు. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదు. టెక్కలి పక్క పల్లెలో పెంకుటిల్లు ఉండి, ఆస్టినాబాద్‌లో అద్దెకుంటూ మేస్త్రీ పని చేసే మనిషిని తీసుకుందాం. చట్టం దృష్టిలో అతని ఓటు ఆస్టినాబాద్‌లో ఉండాలి. సంక్రాంతికి ఊరెళ్లి నెల ఉండి వచ్చినా ఆ ఓటు పోదు. కొత్తగా చేరేందుకు ఆరో నంబరు ఫారం, చిరునామా మారితే ఎనిమిదోది నింపాలి. పాత ఊరి జాబితాలో పేరు అలాగే ఉంచుకుని ఇక్కడా చేర్చుకుంటే 17వ సెక్షన్ ఒప్పుకోదు. అబద్ధపు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడవచ్చు.

చాలామంది పుట్టిన ఊళ్లోనే ఓటు ఉంచుకుంటారు. రేషను, పెన్షను, బంధుత్వం, అన్నీ ఆ పేరుతోనే ముడిపడి ఉంటాయి. పోలింగు రోజుకు విశాఖ రేవు చేరాలంటే ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం, విమానమైతే ఒక నెల కూలి. దాంతో ఆ ఓటు పడదు. ఇలాంటివారి కోసం ఎన్నికల సంఘం దూరం నుంచే ఓటేసే యంత్రం నమూనాను 2023 జనవరిలో పార్టీల ముందు పెట్టింది. ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల దాకా ఓట్లు తీసుకోవచ్చన్నది ఆలోచన. అది అమలు కావాలంటే 1950, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టాలతో పాటు 1960 ఓటర్ల నమోదు నిబంధనల్ని, 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్ని కూడా మార్చాలి. చాలా పార్టీలు సందేహాలు లేవనెత్తడంతో పని అక్కడే ఆగింది. వలస కూలీ ఓటు గురించి ఇంతకంటే పెద్ద ప్రయత్నం మన దగ్గర జరగలేదు. అందుకే ఇది పార్లమెంటులో పూర్తిస్థాయి చర్చకు రావాలి.

దుర్గాబాయి సవరణ

ఎన్నికల నిబంధనల్ని మార్చిన తెలుగు సభ్యుల ప్రస్తావన వస్తే దుర్గాబాయిని వదలడానికి లేదు. తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా ప్రసిద్ధురాలైన ఆమె రాజ్యాంగ సభకు మద్రాసు నుంచి వచ్చారు. 1949 మేలో సభ్యుల అర్హతలపై చర్చ జరిగినప్పుడు రాజ్యసభకు కనీస వయసు 35 అని ముసాయిదా ప్రతిపాదించింది. దాన్ని 30కి తగ్గించాలని ఆమె సవరణ తెచ్చారు. వయసు పెరిగితేనే వివేకం వస్తుందని ఒకప్పుడు అనుకునేవారని, కొత్త పరిస్థితుల్లో యువతీ యువకులు బాధ్యతను త్వరగా గుర్తెరుగుతున్నారని ఆమె వాదన. సభ ఒప్పుకుంది. 84వ అధికరణంలో ఇప్పటికీ ఉన్న ఆ 30 ఆమె పెట్టించిన అంకె. అయితే అండమాన్‌లో దాని ప్రయోజనం లేదు: శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతానికి రాజ్యసభ స్థానమూ లేదు.

నేటి నిబంధనలు

దీవులన్నీ కలిపి ఒకే లోక్‌సభ నియోజకవర్గం. లక్షద్వీప్ స్థానం షెడ్యూల్డు తెగలకు రిజర్వయింది, అండమాన్‌ది జనరల్ స్థానం. నికోబారీలు ఇక్కడ షెడ్యూల్డు తెగే అయినా దీవుల జనాభాలో వారి వాటా తక్కువ. జనరల్ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్ 25 వేలు, ఖర్చు పరిమితి 75 లక్షలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ పరిమితి 95 లక్షలు. ఒక్కో దీవికి ప్రచారానికి పడవలోనో హెలికాప్టర్‌లోనో వెళ్లాల్సిన అభ్యర్థికి తక్కువ పరిమితి పెట్టడం న్యాయంగా తోచదు. ఓటర్ల సంఖ్యను మాత్రమే చూసి దూరాన్ని చూడని లెక్క ఇది. ఎన్నికపై పిటిషన్ వేయాలంటే కలకత్తా హైకోర్టుకు వెళ్లాలి.

2024లో ఇక్కడ ఓటర్లు సుమారు 3.15 లక్షలు. అదే ఏడాది దేశంలో అతిపెద్ద నియోజకవర్గమైన మల్కాజిగిరిలో 37 లక్షలకు పైగా. లోక్‌సభ వరకు చూస్తే ఆస్టినాబాద్ ఓటుకు మల్కాజిగిరి ఓటు కంటే పదిరెట్లకు పైగా బరువుంది. మల్కాజిగిరి ఓటరుకు తన రోడ్డు గురించి, ఆసుపత్రి గురించి అడగడానికి ఎమ్మెల్యే ఉంటాడు, అసెంబ్లీలో బడ్జెట్‌పై చర్చ ఉంటుంది. దీవుల బడ్జెట్ ఢిల్లీలో తయారవుతుంది, చట్టం రాష్ట్రపతి రెగ్యులేషన్‌గా వస్తుంది. దానిపై దీవుల తరఫున మాట్లాడాల్సింది ఐదు వందలకు పైగా సభ్యుల మధ్య ఒకే ఒక్క ఎంపీ.

2024 ఏప్రిల్ 19న జరిగిన పోలింగులో గ్రేట్ నికోబార్‌లోని షోంపెన్ తెగవారు కొందరు తొలిసారి ఓటేశారు. స్థానిక సంస్థల్లో తెలుగువారి ఉనికి ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. 24 వార్డుల పోర్ట్‌బ్లెయిర్ పురపాలక మండలిలో 2022లో తెలుగుదేశం పార్టీ స్థానాలు గెలిచింది. 2023 మార్చిలో బీజేపీ మద్దతుతో తెలుగుదేశానికి చెందిన ఎస్. సెల్వి చైర్‌పర్సన్ అయ్యారు.

శాసనసభ కావాలన్న కోరిక దీవుల రాజకీయాల్లో పాతదే. దాన్ని తీర్చే అధికారం పార్లమెంటుదే. 1962లో 14వ సవరణ 239-ఎ అధికరణం తెచ్చి హిమాచల్, మణిపూర్, త్రిపుర, గోవా డామన్ డయ్యూ, పాండిచ్చేరిలకు శాసనసభలు ఇవ్వడానికి దారి వేసింది. అండమాన్ పేరు అందులో చేర్చలేదు. మిగతావి ఒక్కొక్కటిగా ఆ జాబితా నుంచి తప్పుకోగా ఇప్పుడు మిగిలింది పుదుచ్చేరి ఒక్కటే. ఢిల్లీకి 1991లో 69వ సవరణతో ప్రత్యేకంగా 239-ఎఎ రాశారు. దీవులకు శాసనసభ రావాలంటే 239-ఎ లో పుదుచ్చేరి పక్కన అండమాన్ నికోబార్ పేరు చేర్చే రాజ్యాంగ సవరణ, ఆ వెంటనే స్థానాల సంఖ్యను, నికోబారీల రిజర్వేషన్‌ను తేల్చే చట్టం రావాలి.